టిల్ట్ అయ్యాక ఇంకో గేమ్ వద్దు: ర్యాంక్ ఆటలపై అపోహలు - వాస్తవాలు

బీజీఎంఐలోనో (ఫోన్‌లో ఆడే షూటింగ్ గేమ్), వాలరంట్‌లోనో (అయిదుగురేసి జట్ల షూటింగ్ గేమ్) ర్యాంక్ పెంచుకోవాలని ఆడుతూ టిల్ట్ అయ్యేవాళ్లకు, అంటే కోపంతో ఊగిపోయేవాళ్లకు, అందరూ చెప్పే మాట ఒకటే: "కూల్‌గా ఆడు భయ్యా". ఎలా ఆడాలో మాత్రం చెప్పరు. మ్యాచ్ మధ్యలో, 9-12 రౌండ్లతో వెనకబడి ఉన్నప్పుడు, మనసును అదుపులో పెట్టుకోవడం దాదాపు ఎవరి వల్లా కాదు. ఎప్పుడు ఆపాలి, ఎవర్ని మ్యూట్ చేయాలి, ఈరోజు దేనిమీద దృష్టి పెట్టాలి అనే నిర్ణయాలు లాబీలో ఉండగానే తీసుకున్నవాళ్లకే అది సాధ్యం. ఈ విషయంలో జనంలో బాగా నాటుకుపోయిన కొన్ని నమ్మకాలను చూద్దాం.

అపోహ: కోపం మీదుంటేనే ఆట బాగా పడుతుంది

కసి వేరు, కోపం వేరు. కోపం వస్తే ముందు మారేది చెయ్యి. మౌస్ మీద పట్టు బిగుస్తుంది, మణికట్టు కర్రలా అవుతుంది, క్రాస్‌హెయిర్ (తెర మీది గురి గుర్తు) ఎనిమీ తలను దాటిపోయి మళ్లీ వెనక్కి రావాల్సి వస్తుంది. ఫోన్ మీద ఆడేవాళ్లయితే ఫైర్ బటన్‌ను నొక్కి పట్టుకుని వదలరు. కాలుస్తుంటే పైకి లేచే ఎం416 తుపాకీని కిందికి లాగడం మరిచిపోతారు, తూటాలు సగం ఆకాశంలోకి పోతాయి.

ఆ తర్వాత దెబ్బతినేది నిర్ణయాలు. వాలరంట్‌లో ఫ్లాష్ (ఎనిమీ కళ్లు కమ్మేది), స్మోక్ (పొగ తెర) చేతిలో పెట్టుకుని, వాడకుండా ఒంటరిగా మూల దాటి తొంగిచూసి చచ్చిపోతారు. తమను చంపిన ఎనిమీ కోసమే తర్వాతి రౌండంతా వెతుకుతారు. టీమ్ మొత్తం క్రెడిట్లు దాచుకునే రౌండ్‌లో ఒక్కరే 2900 పెట్టి వాండల్ రైఫిల్ కొంటారు. ఆ రౌండ్ ఎలాగూ పోతుంది. అందరూ కలిసి కొనాల్సిన తర్వాతి రౌండ్‌లో వాళ్ల చేతిలో షెరిఫ్ పిస్టల్ మిగులుతుంది. బీజీఎంఐలో అయితే టీమేట్ నాక్ అవగానే (దెబ్బతిని కింద పడగానే) ఎటునుంచి కొట్టారో చూడరు, స్మోక్ వేయరు, నేరుగా పరిగెడతారు. మ్యాప్‌లో పోచింకి ఊళ్లో ఒకచోట కాల్పులు రెండు నిమిషాలు సాగితే ఆ చప్పుడుకి మూడో స్క్వాడ్ రావడం ఖాయం.

టిల్ట్ అయ్యామని గుర్తుపట్టడానికి మూడు ఆనవాళ్లు చాలు: చచ్చిన మరుక్షణం నోరు లేవడం, టీమేట్ల స్కోరు చూడ్డానికి స్కోర్‌బోర్డు పదేపదే తెరవడం, ఓడిన మ్యాచ్ రిజల్ట్ స్క్రీన్ కూడా పూర్తిగా చూడకుండా మళ్లీ స్టార్ట్ నొక్కడం. వీటిలో మూడోది బాగా ఖరీదైనది.

అపోహ: గెలిచే ఆపాలి, ఓడి లేవకూడదు

ర్యాంకులు ఎక్కువగా మునిగేది ఇక్కడే. "ఒక్క గెలుపు కొట్టి పడుకుంటా" అని కూర్చున్నవాళ్లు ఆగేది గెలుపు దగ్గర కాదు, నిద్ర ముంచుకొచ్చినప్పుడు. వాలరంట్‌లో ఒక్కో ఓటమికి సుమారు 20 ఆర్‌ఆర్ (ర్యాంక్ పాయింట్లు) పోతాయనుకుంటే అయిదు ఓటములకు 100. అంటే గోల్డ్ 2లో కూర్చున్న మనిషి గోల్డ్ 1లో లేస్తాడు. ఆ అయిదింట్లో మొదటి రెండూ మామూలు ఓటములే కావచ్చు. మిగతా మూడు మాత్రం ఆడకపోయి ఉంటే ఆ పాయింట్లు మిగిలేవి.

దీనికి ముందే పెట్టుకోవాల్సిన నియమం ఇది. వరుసగా రెండు ఓడితే పదిహేను నిమిషాలు విరామం. ఆ తర్వాత మూడోదీ పోతే ఆ రోజుకు ర్యాంక్ ఆట బంద్. ర్యాంక్ లెక్కలోకి రాని అన్‌రేటెడ్, డెత్‌మ్యాచ్, టీడీఎం (టీమ్ డెత్‌మ్యాచ్) ఏదైనా ఆడుకోవచ్చు, ర్యాంక్ జోలికి మాత్రం పోకూడదు. ఈ నియమాన్ని కాగితం మీద రాసి మానిటర్‌కు అతికించండి. డుయో పార్ట్‌నర్ ఉంటే వాళ్లతో ముందే ఒప్పందం చేసుకోండి: ఇద్దరిలో ఎవరు "చాలు" అన్నా వాదన ఉండకూడదు. బతిమాలడం మొదలైతే నియమం చచ్చినట్టే.

విరామం అంటే కుర్చీలోంచి లేవడం. అక్కడే కూర్చుని రీల్స్ చూస్తే అది లెక్కలోకి రాదు. మొహం కడుక్కోండి, నీళ్లు తాగండి, బాల్కనీలోనో వీధిలోనో నాలుగు అడుగులు వేయండి. తిరిగొచ్చాక ఆటలోని ప్రాక్టీస్ రేంజ్‌లో అయిదు నిమిషాలు కాల్చి చూస్తే చెయ్యి వదులైందో లేదో మీకే తెలుస్తుంది. ఇంకా బిగుసుకునే ఉంటే కంప్యూటర్ కట్టేయండి.

అపోహ: గేమే కావాలని వరుసగా ఓడిస్తుంది

"లూజర్స్ క్యూలో పడేశాడు" (గేమే కావాలని ఓడే జట్టులో వేసింది) అనే మాట రోజూ వింటుంటాం. వరుస ఓటముల వెనక కుట్ర వెతికేముందు ఓ చిన్న లెక్క చూడండి. బొమ్మ, బొరుసు సమానంగా పడే నాణేన్ని 100 సార్లు ఎగరేస్తే, అందులో ఎక్కడో ఒకచోట వరుసగా అయిదుసార్లు బొరుసు పడే అవకాశం 81 శాతం. ఆరుసార్లు పడేది సుమారు 55 శాతం. మ్యాచ్‌మేకింగ్ పని సమఉజ్జీలను ఎదురెదురుగా పెట్టడం. కాబట్టి మీ గెలుపు రేటు 50 శాతానికి దగ్గర్లోనే తిరుగుతుంది, 100 మ్యాచుల్లో ఒకసారైనా అయిదు వరుస ఓటములు రావడం మామూలు సంగతి.

ఇంకోటి. నిజంగా ఆ ర్యాంక్ కంటే మెరుగ్గా ఆడుతూ 55 శాతం గెలవగల ఆటగాడు కూడా, ఏ 20 మ్యాచులు తీసుకున్నా వాటిలో గెలిచినవాటి కన్నా ఓడినవే ఎక్కువయ్యే అవకాశం నాలుగింట ఒకటి. ఒక వారాంతం ఆట చూసి "నా ఆట పోయింది" అని తీర్మానించకూడదనేది ఇందుకే. సెన్సిటివిటీ (మౌస్ వేగం) మార్చడం, ఏజెంట్ (ఆడే పాత్ర) మార్చడం, కొత్త మౌస్ కొనడం లాంటివి ఓడిన రాత్రి అసలు చేయొద్దు. వారం ఆగి చేయండి.

టీమేట్ల సంగతీ ఉంది. వాలరంట్‌లో మీ వైపు ఉండే రాండమ్స్ (ముక్కూమొహం తెలియని ఆటగాళ్లు) నలుగురు, అవతల అయిదుగురు. మీరు బుద్ధిగా ఆడేవారైతే, మధ్యలో వదిలేసేవాడు, బూతులు తిట్టేవాడు తగలడానికి మీ వైపు నాలుగు చోట్లు, అవతలి వైపు అయిదు చోట్లు ఉన్నాయి. అవతలి టీమ్‌లో జరిగే గొడవ మీకు వినపడదు కాబట్టే దురదృష్టమంతా మీదే అనిపిస్తుంది.

అపోహ: గట్టిగా అరిస్తే, బల్ల గుద్దితే కోపం దిగిపోతుంది

దిగదు, పెరుగుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో, తమకు కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ను గుద్దినవాళ్లకు కోపం ఎక్కువైంది. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లే నయం. 2024లో ఆయన సహరచయితగా వచ్చిన సమీక్ష 154 అధ్యయనాలను, 10 వేలకు పైగా మనుషుల ఫలితాలను కలిపి చూసింది. శరీరాన్ని నెమ్మదింపజేసే పనులు కోపాన్ని తగ్గించాయి. గుండె వేగం పెంచే పనులు మొత్తంమీద తగ్గించలేదు, జాగింగ్‌తో అయితే పెరిగింది కూడా. విరామంలో పరుగు కాదు, నడక అన్నది అందుకే. పైగా పగిలిన ఫోన్ డిస్‌ప్లే ఖర్చు ఎవరూ ఇవ్వరు.

అపోహ: మ్యూట్ చేస్తే కమ్యూనికేషన్ పోయి ఓడిపోతాం

తిట్టేవాడి మైక్‌లో సమాచారం ఎంతుంటుందో ఓసారి గమనించండి. "ఏం ఆడుతున్నావ్‌రా" అనేది కాల్‌అవుట్ (ఎనిమీ ఎక్కడున్నాడో చెప్పే మాట) కాదు. అమ్మా ఆలి బూతులు మొదలైతే జవాబు చెప్పకండి, హెచ్చరించకండి, నేరుగా మ్యూట్ చేయండి. వాలరంట్‌లో ఒక్కో ఆటగాడి వాయిస్‌ను, టెక్స్ట్‌ను వేరువేరుగా ఆపొచ్చు. చాలామంది వాయిస్ ఆపి టెక్స్ట్ వదిలేస్తారు, రెండు రౌండ్ల తర్వాత అదే గొడవ చాట్‌లో మొదలవుతుంది. రెండూ ఆపండి. రిపోర్ట్ మ్యాచ్ అయ్యాక కొట్టొచ్చు. మ్యూట్ చేసిన సంగతి వాడికి చెప్పడం ఇంకో గొడవకు పిలుపే.

మాట్లాడకుండానే చెప్పే దారులున్నాయి. వాలరంట్‌లో జెడ్ కీతో టీమ్‌కు కనపడేలా గుర్తు పెట్టొచ్చు, బీజీఎంఐలో మార్కర్ పెట్టొచ్చు, క్విక్ మెసేజ్‌లు వాడొచ్చు. మీరు మైక్‌లో చెప్పేటప్పుడు మాత్రం ఎక్కడ, ఎంతమంది, ఎంత దెబ్బ అన్న వరసలో చెప్పండి. "ఎ మెయిన్, ఇద్దరు, జెట్‌కి 80 తగిలింది" (ఎ మెయిన్ మ్యాప్‌లో చోటు, జెట్ ఓ ఏజెంట్) అంతే. మీరు చచ్చిపోయి, మీ టీమేట్ ఒక్కడే మిగిలి అందరితో పోరాడుతుంటే (దీన్నే క్లచ్ అంటారు), చెప్పాల్సింది చెప్పి నోరు మూసుకోవాలి. వాడికి అడుగుల చప్పుడు వినపడాలి.

అపోహ: మంచి ఆటగాళ్లకు టెన్షన్ ఉండదు

ఉంటుంది. దాన్ని అణచాలని చూడటం వల్లే చేతులు ఇంకా చల్లబడతాయి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాట, ప్రసంగం, లెక్కల పరీక్ష ముందు "నేను శాంతంగా ఉన్నా" అనుకున్నవాళ్ల కంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్లు బాగా చేశారు. టెన్షన్‌కైనా, ఉత్సాహానికైనా గుండె దడ ఒకటే, పేరే వేరు. ప్రమోషన్ మ్యాచ్ ముందు "టెన్షన్ పడకు" అని మీకు మీరు చెప్పుకోవడం మానేసి "మజా వస్తోంది" అనుకుని చూడండి. కాస్త వెర్రిగానే అనిపిస్తుంది, పని మాత్రం చేస్తుంది.

రౌండ్ల మధ్య చేయగలిగింది శ్వాస. 4 సెకన్లు ముక్కుతో లోపలికి, 6 సెకన్లు నెమ్మదిగా బయటికి. వాలరంట్‌లో రౌండ్ ముందు ఆయుధాలు కొనే సమయం (బై ఫేజ్) 30 సెకన్లు. కొనడానికి పది పోయినా రెండు శ్వాసలు హాయిగా పడతాయి. ఆ సమయంలో మౌస్ మీంచి చెయ్యి తీసి వేళ్లు విదిలించండి. బీజీఎంఐలో రౌండ్లు లేవు కాబట్టి విమానంలో ఉన్నప్పుడు, బండిలో జోన్‌కు (మ్యాప్‌లో కుంచించుకుపోయే సురక్షిత వలయం) మారేటప్పుడు డ్రైవింగ్ మీది కాకపోతే చేయండి. లోపలికి పీల్చేదాని కన్నా బయటికి వదిలేది పొడవుగా ఉండటమే ముఖ్యం.

అపోహ: కోపానికి కారణం మనసే

చాలాసార్లు కారణం వేడెక్కిన ఫోన్. ఛార్జింగ్ పెట్టి ఆడితే ఫోన్ వేడెక్కుతుంది, వేడెక్కితే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, సరిగ్గా చివరి జోన్‌లో ఫ్రేములు పడిపోయి ఆట తెగితెగి నడుస్తుంది. విజయవాడ, రామగుండం ఎండాకాలంలో మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ర్యాంక్ ఆడటమంటే కోరి కోపం తెచ్చుకోవడమే. ముందే ఛార్జ్ చేసుకోండి, వెనక కవర్ తీసేయండి, గ్రాఫిక్స్ స్మూత్‌లో పెట్టండి. అందంగా కనపడే హెచ్‌డీఆర్ ర్యాంక్ ఆటకు అనవసరం.

నెట్ సంగతి: ఇంట్లో ఎవరైనా వీడియోలు అప్‌లోడ్ చేస్తుంటే స్పీడ్ టెస్ట్ బాగానే చూపించినా పింగ్ (సర్వర్‌కు సిగ్నల్ పోయి రావడానికి పట్టే సమయం) ఎగిరిపడుతుంది. వైఫై 5 గిగాహెర్ట్జ్‌కు మారండి, పీసీ అయితే కేబుల్ వేయండి. వాలరంట్ సెట్టింగ్స్‌లోని స్టాట్స్ విభాగంలో పింగ్, ప్యాకెట్ లాస్ (దారిలో పోయే డేటా శాతం) తెర మీద కనపడేలా పెట్టుకోవచ్చు. ప్యాకెట్ లాస్ సున్నా దాటి పదేపదే కనపడుతుంటే ఆ రోజు ర్యాంక్ వద్దు. అమెరికాలో ఉండి ఇక్కడి స్నేహితులతో ఆడేవాళ్లు ఇంకోటి ఒప్పుకోవాలి. డల్లాస్ నుంచి ముంబై సర్వర్‌కు దూరం సుమారు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతికే పోయి రావడానికి 140 మిల్లీసెకన్లు పడుతుంది, వాస్తవంలో 200 దాటుతుంది. ఏ ప్లాన్ కొన్నా అది తగ్గదు. వాళ్లతో అన్‌రేటెడ్ ఆడండి, ర్యాంక్ మీ దగ్గరి సర్వర్‌లో ఆడుకోండి.

ఎనర్జీ డ్రింక్ గురించి ఒక్క మాట. మన దేశంలో వీటిలో లీటరుకు 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండొచ్చు, అంటే 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75 వరకు. అందులో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. రాత్రి పదికి తాగితే మర్నాటి ఆట కూడా పాడు.

అపోహ: ర్యాంక్ పెరిగితేనే మజా

బీజీఎంఐ క్లాసిక్‌లో 100 మంది, 25 స్క్వాడ్లు. అందరూ సమానమైతే చికెన్ డిన్నర్ (మొదటి స్థానం) అవకాశం 4 శాతం. డిన్నర్ వస్తేనే ఆనందం అనుకుంటే 25 మ్యాచుల్లో 24 ఏడుపే. టోర్నమెంట్లలో పాయింట్లు ఇచ్చే పద్ధతి చూడండి: మొదటి స్థానానికి 10, తర్వాత వరసగా 6, 5, 4, 3, 2, 1, 1, ఒక్కో కిల్‌కు 1. ఒక్క కిల్ లేకుండా గెలిచిన టీమ్‌కు 10 వస్తే, ఆరు కిల్స్‌తో నాలుగో స్థానంలో ఆగిన టీమ్‌కూ పదే. మీ స్క్వాడ్ కూడా ఓ నోట్‌బుక్‌లో ఇదే లెక్క రాసుకుని ఆరేసి మ్యాచుల మొత్తాన్ని పోల్చుకుంటే, డిన్నర్ రాని సాయంత్రం కూడా ఏదో ఒకటి తేలుతుంది.

ఒంటరిగా ఆడేవాళ్లు ఒక్కో రోజుకు ఒక్క పనే పెట్టుకోండి, అది మీ చేతిలో ఉన్నదై ఉండాలి. "20 కిల్స్" మీ చేతిలో లేదు. "చచ్చేలోపు స్మోక్‌లన్నీ వాడానా", "నాక్ అయిన టీమేట్ దగ్గరికి పోయేముందు స్మోక్ వేశానా" అన్నవి ఉన్నాయి. మ్యాచ్ తర్వాత ఎన్నిసార్లు చేశారో పదికి ఇన్ని అని వేసుకోండి. 13-4తో ఓడినా పదికి ఎనిమిది రావచ్చు.

అపోహ: ఇంట్లోవాళ్లే ఏకాగ్రత చెడగొడతారు

వాలరంట్ మ్యాచ్ 13 రౌండ్లు గెలిచేదాకా, ఓవర్‌టైమ్ పడితే ఇంకా పైన. 40 నిమిషాలు పక్కన పెట్టుకోవాలి. బీజీఎంఐలో ఎరంగెల్ మ్యాప్ అరగంట. భోజనానికి పిలిచే వేళకు పావుగంట ముందు క్యూ నొక్కి, అమ్మ పిలిస్తే విసుక్కోవడంలో తప్పు ఎవరిదో చెప్పనక్కర్లేదు. మధ్యలో వదిలేస్తే పెనాల్టీ వేరే. స్టార్ట్ నొక్కేముందు "తొమ్మిదింబావు దాకా లేవలేను, ఏదైనా పనుందా?" అని అడగండి. "రెండు నిమిషాల్లో వస్తా" అని మాత్రం చెప్పొద్దు, అది అబద్ధమని ఇంట్లో అందరికీ తెలుసు.