అపోహలు – వాస్తవాలు: ‘సెటిల్’ చేసుకున్న అప్పు తీరిన అప్పేనా?

శ్రీకాకుళంలో వాహన రుణాల దరఖాస్తులను పరిశీలించే పనిలో పధ్నాలుగేళ్ళుగా ఉన్నాను. ఇన్నేళ్ళలో వెనక్కి పంపిన దరఖాస్తుల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టినవి, తమ అప్పు ఎప్పుడో తీరిపోయిందని మనస్ఫూర్తిగా నమ్మి, కారుకు అడ్వాన్సు కూడా ఇచ్చి వచ్చినవారివి.

రెండేళ్ళ క్రితం నరసన్నపేట దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. వారు కొనదలచినది ఏడేళ్ళ పాత కారు, కావలసిన రుణం మూడు లక్షలు. అప్పులు తీర్చిన చరిత్రను చూపే సిబిల్ రిపోర్టు చూసి కుదరదని చెప్పగానే ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, నాలుగు మడతలు పెట్టిన కాగితాన్ని నా ముందు పరిచారు. “అప్పు తీరిపోనాది బాబూ, కాగితం కూడా ఇచ్చినారు” అన్నారు. 2020లో బడులు మూతపడి జీతం ఆగిపోయినప్పుడు కొడుకు బైకు వాయిదాలు కట్టలేకపోయాడు. 61,000 రూపాయల బాకీకి 35,000 కడితే చాలన్నారని, చెవి దుద్దులు అమ్మి కట్టామని ఆమె చెప్పారు. ఆ కాగితంలో ఉన్నది మాత్రం ‘పూర్తి, తుది సెటిల్‌మెంటుగా స్వీకరించడమైనది’ అన్న ఒక్క వాక్యం. రిపోర్టులో ఆ ఖాతా ఎదురుగా ‘సెటిల్డ్’ అనీ, దాని కింద 26,000 రూపాయలు నష్టంగా రాసుకున్నట్లూ ఉంది.

మా వృత్తిలో జనానికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. సెటిల్‌మెంటు అంటే రావలసిన మొత్తం రాదని తేల్చుకున్న సంస్థ, వచ్చినంత తీసుకుని వసూలు ఆపేయడం. రికవరీ ఏజెంటు ఫోన్లు ఆగిపోతాయి కాబట్టి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు, అది సహజమే. అయితే పూర్తిగా చెల్లించిన ఖాతాకు ‘క్లోజ్డ్’ అని, తగ్గించి చెల్లించిన ఖాతాకు ‘సెటిల్డ్’ అని రిపోర్టులో వేరువేరుగా నమోదవుతుంది, రెండో మాట కనబడితే చాలా బ్యాంకులు ఫైలును అక్కడే పక్కన పెడతాయి. క్రెడిట్ సమాచార సంస్థలు వివరాలను కనీసం ఏడేళ్ళు భద్రపరచాలన్నది నియమం కనుక, అప్పు చిన్నదైనా ఆ మచ్చ చాలాకాలం వెంటాడుతుంది. రాయితీ ఇస్తామని ఫోన్ చేసే ఏజెంటు ఈ సంగతి చెప్పగా నేను వినలేదు.

కట్టలేని స్థితి నిజంగా వచ్చినప్పుడు ముందుగా బ్రాంచికి వెళ్ళి, వాయిదా తగ్గించి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి. అది కుదరకపోతే అసలు, మామూలు వడ్డీ పూర్తిగా కడతామని, ఆలస్య రుసుములను మాత్రం తీసేయమని, ఖాతాను ‘క్లోజ్డ్’గా నమోదు చేస్తామని ముందే కాగితం మీద ఇవ్వమని కోరండి. ఇప్పటికే సెటిల్‌మెంటు చేసుకున్నవారు కంగారు పడవలసిన పని లేదు. సంస్థ వదులుకున్న మొత్తాన్ని ఇప్పుడు చెల్లించి, బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకుని, రిపోర్టులో మార్పు చేయమని కోరవచ్చు. అప్పట్లో వాయిదాలు ఆలస్యమైన రోజుల లెక్క చెరిగిపోదు గాని, ఆపైన సక్రమంగా కట్టిన ప్రతి నెలా స్కోరుకు, అంటే అప్పు తీర్చే తీరుకు రిపోర్టులో ఇచ్చే మార్కుకు, ఊతమవుతుంది.

ఆ యువకుడు మొదట ఇదంతా వినే ఓపికలో లేడు. సిబిల్ చూడకుండా ‘ఎనభై మూడు పైసల వడ్డీ’కి ఫైనాన్స్ ఇప్పిస్తానని కారు అమ్మే బ్రోకరు అప్పటికే మాట ఇచ్చాడు. ఊళ్ళో నూటికి రూపాయి, రూపాయిన్నర వడ్డీ విని పెరిగిన మనకు ఎనభై మూడు పైసలు చవకగానే వినిపిస్తుంది. ఊరి నోటు మీద అసలు చివరిదాకా మన చేతిలోనే ఉంటుంది కనుక మొత్తానికీ వడ్డీ కడతాం. బ్రోకరు చెప్పినది ఫ్లాట్ వడ్డీ, అందులో నెలనెలా అసలు తీరుస్తూనే, తీర్చేసిన అసలు మీద కూడా వడ్డీ కడుతూ ఉంటాం. మూడు లక్షలకు ఏడాదికి 10 శాతం ఫ్లాట్ లెక్కన మూడేళ్ళకు వడ్డీ 90,000, నెల వాయిదా 10,833 రూపాయలు. అదే 10 శాతాన్ని తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే వాయిదా 9,680 రూపాయలే, మొత్తం వడ్డీ 49,000 లోపే. అంటే ఆ ఎనభై మూడు పైసలు బ్యాంకు లెక్కలో దాదాపు 18 శాతం. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు రుణ వివరాల పత్రంలో ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటును చూపించాలి. సంతకానికి ముందు ఆ పత్రం అడిగి తీసుకుని, ఆ ఒక్క అంకెనే పోల్చి చూసుకోండి.

ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక తల్లే కొడుకును ఆపారు. మిగిలిన 26,000 రెండు విడతల్లో కట్టి, ధ్రువపత్రం తెచ్చుకుని, పధ్నాలుగు నెలల తర్వాత మళ్ళీ వచ్చారు. ఈసారి లక్షన్నర సొంత సొమ్ము చేర్చారు కనుక రుణమూ తగ్గింది, వాయిదా జీతానికి బరువు కాలేదు.

మిగతా పుకార్ల గురించి ఎక్కువ చెప్పను. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. 2017 నుంచి నాలుగు సంస్థలూ, అంటే సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఒకే వారంలో ఐదారు చోట్ల రుణానికి దరఖాస్తు పెట్టుకోవడం మాత్రం స్కోరుకు చేటు. ‘సిబిల్‌లో పేరు పడిపోయింది’ అంటూ భయపెడతారు గాని, అప్పు తీసుకున్న అందరి పేర్లూ అక్కడ ఉంటాయి, రుణం ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు నిర్ణయం. బావమరిదికి పెట్టిన ష్యూరిటీ సంతకం మీ రిపోర్టులోనూ కనబడుతుంది.

పాత కారు విషయంలో ఆర్‌సీ మీద ఫైనాన్స్ సంస్థ పేరు ఉందో లేదో రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఉంటే, సంస్థ ఇచ్చిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్‌సీ మీద తన పేరు తీసేయడానికి సంతకం చేసిన ఫారం 35 చేతికి వచ్చాకే మిగిలిన సొమ్ము ఇవ్వండి. ఇచ్ఛాపురం అవతల బరంపురంలో కారు చవకగా దొరికిందని సంబరపడేవారు, అక్కడి రవాణా కార్యాలయం ఎన్ఓసీని, ఇక్కడ మళ్ళీ కట్టవలసిన జీవితకాల పన్నును ధరకు కలిపి చూసుకోవాలి. బీమాను మీ పేరుకు మార్చమని పధ్నాలుగు రోజుల్లోగా దరఖాస్తు చేయాలి.

డబ్బు ఇస్తే స్కోరు పెంచుతామనేవారిని నమ్మకండి. నేను ఎప్పుడో తీర్చేసిన ఫ్రిజ్ రుణం నా రిపోర్టులోనే మూడేళ్ళు బాకీగా కనబడింది. ఆ సంస్థ చుట్టూ తిరిగి, రసీదులు మూడుసార్లు పంపాక గాని సరిచేయలేదు. ఇప్పుడు అంత తిరగనక్కర లేదు. ఫిర్యాదు ముప్పై రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది, ఆ నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. క్రెడిట్ సమాచార సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఫిర్యాదు నమోదు చేసి, వచ్చిన నంబరును, తేదీని రాసి పెట్టుకోండి.