శనగ ధర: మార్కెట్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

ఒంగోలు చుట్టుపక్కల శనగలు కొని అమ్మడం నా పని. కాటా దగ్గర రైతులతో తరచూ వాదనకొచ్చే సంగతులివి.

అపోహ: ప్రపంచంలో శనగ ఎక్కువ పండేది మన దగ్గరే, కాబట్టి ధరా మన చేతిలోనే ఉంటుంది.

వాస్తవం: మొదటి మాట నిజమే. ప్రపంచ పంటలో మూడింట రెండొంతులకు పైగా ఇండియాదే. కానీ తినేదీ మనమే. పంట తగ్గిన ఏడు బయటి సరుకు దిగాల్సిందే, అందులో ఎక్కువ ఆస్ట్రేలియాది. అక్కడ తినేవాళ్లు తక్కువ, ఎగుమతికే వేస్తారు. వాళ్ల కోతలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మన కళ్లాలు మొదలయ్యేసరికి ఆ సరుకు రేవుల్లో ఉంటుంది. 2017 డిసెంబరులో కేంద్రం 30 శాతం దిగుమతి సుంకం వేసి, 2018 మార్చికల్లా 60 చేసింది. అక్కడ సాగు పడిపోయింది. 2024 మేలో, సరిగ్గా వాళ్లు విత్తే వేళకు, దేశవాళీ శనగ మీద సుంకం ఎత్తేశారు. ఆ సీజన్లో వాళ్ల పంట 20 లక్షల టన్నులు దాటింది. 2025 ఏప్రిల్లో మళ్లీ సుంకం వేశారు, ఈసారి 10 శాతం. సరుకు దాచే రైతు వానకంటే ముందు ఢిల్లీ ఉత్తర్వులు చూసుకోవాలి.

అపోహ: ఎర్ర శనగ (దేశవాళీ) ధర పెరిగితే తెల్లదీ (కాబూలీ) పెరుగుతుంది. అప్పటిదాకా కోల్డ్ స్టోరేజీలో పెడితే సరి.

వాస్తవం: ఇవి రెండు వేర్వేరు బేరాలు. ఎర్రది పప్పుకూ పిండికీ పోతుంది. తెల్లది గింజగానే అమ్ముడవుతుంది గనక సైజూ రంగూ చూస్తారు. మెక్సికో గింజ పక్కన మన తెల్ల రకం కాక్-2 చిన్నది. టర్కీ, కెనడా, రష్యా కూడా పోటీలో ఉన్నాయి. బయట నిల్వ ఉన్న పాత కాక్-2, కొత్తది పక్కపక్కన అరచేతిలో పోసుకుంటే పాతది ముదురు రంగుకు తిరిగి కనిపిస్తుంది. కోల్డ్ స్టోరేజీ ఆ రంగును నిలుపుతుంది, ధరను కాదు. పదేళ్ల కిందట మన జిల్లాలో బస్తాలు ఏళ్ల తరబడి మగ్గి, అద్దె, వడ్డీ కలిసి ఎంత పని చేశాయో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అపోహ: శనగ ఉత్తరాది చలి పంట, మనకు అచ్చిరాదు.

వాస్తవం: ఈ మాట ఇంకా ఎవరన్నా అంటే నాకు నవ్వొస్తుంది. నీళ్లొచ్చాక పంజాబ్, హర్యానా గోధుమకు మళ్లాయి, శనగ దక్షిణానికి దిగింది. తొంభై, వంద రోజుల్లో చేతికొచ్చే ఎర్ర రకం జేజీ-11, తెల్ల రకం కాక్-2 నల్లరేగడిలో మిగిలిన తేమతోనే పండుతాయి. కూలీల టెన్షన్ ఉన్నవాళ్లు నంద్యాల రకం ఎన్‌బీఈజీ-47 చూడొచ్చు. మొక్క నిటారుగా ఉంటుంది, మిషన్ కోతకు వీలు.