మనిషి కనిపించకుండా పోతే: మిస్సింగ్ కేసుల్లో అపోహలు, వాస్తవాలు

నేను ఎస్సైగా, తర్వాత సీఐగా గోదావరి జిల్లాల్లో పనిచేసి రిటైరయ్యాను. హత్య కేసులో ఇంట్లోవాళ్లకు ఎప్పటికైనా ఏదో ఒక జవాబు దొరుకుతుంది. మిస్సింగ్ కేసు తేలకపోతే మాత్రం ఆ మనిషికి తద్దినం పెట్టాలో, ఇంకా ఎదురుచూడాలో కూడా వాళ్లకు తెలియదు. తేలని కేసుల్లో చాలావాటికి కారణం మొదటి వారంలో చేజారిన వివరాలేనని నా గట్టి నమ్మకం. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: 24 గంటలు గడిచాకే ఫిర్యాదు తీసుకుంటారు.

ఏ చట్టంలోనూ అలా లేదు. మన రెండు రాష్ట్రాల్లో మ్యాన్ మిస్సింగ్, ఉమన్ మిస్సింగ్ అని ఎఫ్‌ఐఆర్ కడతారు. "మా పరిధి కాదు" అని పంపేయడానికీ వీల్లేదు. నేరం జరిగిందనే సమాచారం ఉంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. తప్పిపోయింది పిల్లలైతే, కిడ్నాప్ లేదా అక్రమ రవాణా జరిగిందనే భావించి కేసు కట్టాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. నాలుగు నెలల్లో ఆచూకీ దొరక్కపోతే ఆ కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్లాలి.

తొందర ఎందుకంటే, దుకాణాల ముందున్న సీసీ కెమెరాల రికార్డు చాలాచోట్ల రెండు వారాల నుంచి నెలలోపే చెరిగిపోతుంది. బంధువుల ఇళ్లన్నీ వెతికి పదో రోజున స్టేషన్‌కొస్తే, మనిషి ఏ బస్సెక్కాడో చూపించే సాక్ష్యం అప్పటికే పోయి ఉండొచ్చు.

అపోహ: ఫోన్ ట్రేస్ చేస్తే మనిషి ఉన్న చోటు తెలిసిపోతుంది.

కాల్ రికార్డులో కనిపించేది టవర్. పట్నంలో అయితే దాని పరిధి కొన్ని వందల మీటర్లు, పల్లెల్లో కొన్ని కిలోమీటర్లు. అంతమాత్రాన స్విచాఫ్ అయిన ఫోన్ పనికిరాదని వదిలేయకండి. ఆఖరి కాల్, ఆఖరి టవర్ చాలా చెబుతాయి. టెలికాం కంపెనీలు ఈ రికార్డులను ఉంచాల్సిన గడువు రెండేళ్లు. పాత కేసైతే కాల్ డేటా తెప్పించి ఫైల్లో పెట్టారా అని దర్యాప్తు అధికారిని తప్పకుండా అడగండి.

అపోహ: ఇంటి గుట్టు పోలీసులకు చెబితే పరువు పోతుంది.

దర్యాప్తును అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. "గొడవలేమీ లేవండి, బంగారంలాంటి పిల్లాడు" అంటారు. నెల తర్వాత లోన్ యాప్ అప్పు సంగతి బయటపడుతుంది, లేదా అంతకుముందొకసారి పురుగుమందు తాగాడని తెలుస్తుంది. ఈ రెండు మాటలూ మొదటి రోజే చెబితే మేం స్నేహితుల ఇళ్లకన్నా ముందు కాలువ గట్లు, రైలు పట్టాలు, లాడ్జీలు చూస్తాం. ప్రేమ వ్యవహారం ఉందంటే వెతికే దిక్కే మారిపోతుంది. మీకు అందరి ముందూ చెప్పడం కష్టమైతే ఎస్సైతో విడిగా మాట్లాడతామని అడగండి.

ఆనవాళ్లు కూడా అంతే. పెళ్లి ఆల్బమ్‌లోని ఫోటో కన్నా మొన్న ఫోన్‌లో తీసింది మేలు. పుట్టుమచ్చలు అందరూ చెబుతారు. కట్టించుకున్న పన్ను, ఆపరేషన్ మచ్చ, కాలులో వేసిన రాడ్, చొక్కా కాలర్ మీద టైలర్ లేబుల్ చాలామంది చెప్పరు. ముఖం గుర్తుపట్టలేని స్థితిలో శవం దొరికినప్పుడు మాకు దారి చూపేవి ఇవే.

అపోహ: గుర్తు తెలియని శవం దొరికితే కంప్యూటర్ దానంతటదే సరిపోల్చేస్తుంది.

రాజమండ్రి దగ్గర గోదావరిలో పడిన మనిషి శరీరం ధవళేశ్వరం దాటాక వశిష్ఠ పాయలో పోతే పశ్చిమ గోదావరి వైపు తేలొచ్చు. గౌతమిలో పోతే యానాం దాకా వెళ్లొచ్చు, అది పుదుచ్చేరి పోలీసుల పరిధి. మిస్సింగ్ కేసు ఒక స్టేషన్‌లో, శవ పంచనామా మరో స్టేషన్‌లో ఉంటాయి. రెండూ ఒకటేనని ఎవరో ఒకరు అనుమానించాలి. వేలిముద్రల రికార్డుల్లో ఎక్కువగా ఉండేది పాత నేరస్థులవి. దేశవ్యాప్త డీఎన్ఏ బ్యాంకు పెట్టడానికి తెచ్చిన బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. అందుకని చుట్టుపక్కల జిల్లాల్లోని గుర్తు తెలియని శవాల ఫోటోలు చూపించమని అడగండి, రైల్వే పోలీసుల దగ్గరివి కూడా. కష్టమే, అయినా చూడాలి. తల్లిదండ్రులు గానీ పిల్లలు గానీ డీఎన్ఏ కోసం రక్త నమూనా ఇవ్వడానికి సిద్ధమని రాసివ్వండి.

అపోహ: అంజనం వేయిస్తే జాడ తెలుస్తుంది.

తూర్పు దిక్కు, నీళ్లున్న చోటు అంటారు. మన రాష్ట్రంలో నీళ్లు లేని తూర్పు ఎక్కడుంది? డబ్బు పోతే పోనీ, రోజులు పోతాయి.

అపోహ: పోస్టర్ మీద మన నంబరు వేస్తేనే కబురు త్వరగా అందుతుంది.

"మీవాడు మా దగ్గరున్నాడు, ఛార్జీలకు డబ్బు పంపండి" అనే మోసగాళ్ల ఫోన్లూ అందుతాయి. స్టేషన్ నంబరు వేయండి. అలాంటి కాల్ వస్తే, ఇప్పుడు తీసిన ఫోటో పంపమనండి, రూపాయి కూడా వేయకండి.

అపోహ: దొరికితే పోలీసులు ఇంటికి తెచ్చి అప్పగిస్తారు.

పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు తమ ఇష్టంతో వెళ్లామని చెబితే, బలవంతంగా తీసుకురాలేం. వాంగ్మూలం రాసుకుని, క్షేమంగా ఉన్నారని ఇంటికి కబురు చెబుతాం.

అపోహ: ఏడేళ్లు దాటితే కేసు ముగిసినట్టే, మరణ ధ్రువపత్రం ఇస్తారు.

భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 111వ సెక్షన్ చెప్పేది ఇంతే: ఏడేళ్లుగా కబురు లేని మనిషి బతికే ఉన్నాడని ఎవరైనా అంటే, ఆ సంగతి వాళ్లే నిరూపించాలి. పత్రం కావాలంటే సాధారణంగా సివిల్ కోర్టుకెళ్లి డిక్రీ తెచ్చుకోవాలి. కనిపించకుండా పోయిన రోజే చనిపోయినట్టు కూడా చట్టం అనుకోదు. 2004లో ఎల్ఐసీ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. కాబట్టి మధ్యలో పాలసీ రద్దయిపోకుండా, ఆ మనిషి పేరున ఉన్న పాలసీకి ప్రీమియం ఆపకండి.

ఆచూకీ తెలియలేదని తుది నివేదిక వేసిన కేసులో కూడా కొత్త ఆధారం దొరికితే నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ కింద దర్యాప్తు కొనసాగించవచ్చు. ఇప్పటి ప్రయాగ్‌రాజ్ జిల్లాలో 2015లో తప్పిపోయిన ఒక బాలుడు అస్సాంలోని గోల్‌పారా శిశు సంరక్షణ కేంద్రంలో ఉన్నాడని 2020లో తెలిసింది. ఆ పోలిక పట్టింది తెలంగాణ పోలీసుల ముఖ గుర్తింపు సాధనం దర్పణ్. మీ ఇంట్లో ఇలాంటి పాత కేసు ఉంటే ఎఫ్‌ఐఆర్ నంబరు, ఫోటో, ఆనవాళ్లన్నీ రాసి, ఫైల్ మళ్లీ చూడమని ఎస్పీకి గానీ కమిషనర్‌కు గానీ అర్జీ పెట్టండి. రసీదు తీసుకోండి. స్టేషన్‌లో అధికారి మారినప్పుడల్లా ఆ కాపీ పట్టుకెళ్లి కొత్తవారిని కలవండి.