ఫైబర్ బోటులో మన నార పనికొస్తుందా?

కొత్తపట్నం, పాకల, తుమ్మలపెంట, మైపాడు... మన తీరంలో ఎక్కడ చూసినా ఇప్పుడు ఒడ్డున వరసగా ఉండేవి ఫైబర్ బోట్లే. కర్ర తెప్పలు బాగా తగ్గిపోయాయి. ఈ బోటు గోడలో ప్రధానంగా ఉండేవి రెండే: గాజు పోగుల మ్యాట్, దాన్ని తడిపి గట్టిపడే పాలియెస్టర్ రెజిన్ అనే ప్లాస్టిక్ ద్రవం. గట్టిపడ్డ రెజిన్ ఒక్కటే అయితే 40 నుంచి 90 మెగాపాస్కల్ (బలాన్ని కొలిచే ప్రమాణం, చదరపు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లని) లాగుడుకే తెగిపోతుంది. గాజు పోగు 2000 దాటినా తట్టుకుంటుంది. కిటికీ గాజు అంత పెళుసు కదా, పోగుకు ఈ బలం ఎలా వచ్చింది? గాజు విరగడానికి కారణం దాని మీదుండే కంటికి కనపడని పగుళ్లనీ, పోగు సన్నబడేకొద్దీ బలం పెరుగుతుందనీ గ్రిఫిత్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1921లోనే చూపించాడు.

గాజుకు బదులు కొబ్బరి పీచు, గోగునార, జనపనార, కిత్తనార వాడవచ్చా అని చాలాకాలంగా పరిశోధనలు జరుగుతున్నాయి. జనపనార బలం సుమారు 400–800 మెగాపాస్కల్. గాజు కంటే చాలా తక్కువే. కానీ గాజు సాంద్రత నీటికి 2.5 రెట్ల పైన, జనపనారది 1.4 రెట్ల దగ్గర. బరువుతో పోల్చి చూస్తే, ముఖ్యంగా వంగకుండా నిలిచే గుణంలో, తేడా బాగా తగ్గుతుంది.

నాకు వీటన్నిటిలో కొబ్బరి పీచు మీదే ఆసక్తి ఎక్కువ. దాని బలం 200 మెగాపాస్కల్ అటూఇటూ, అంతే. అయినా తెగేలోపు 15 శాతానికి పైగా సాగుతుంది. గాజు 5 శాతం కూడా సాగదు. నార కణాల గోడల్లో, వాటికి బలాన్నిచ్చే సెల్యులోజ్ అనే పదార్థం స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. జనపనారలో ఆ చుట్టు దాదాపు నిటారుగా, 8 డిగ్రీల వాలులో ఉంటుంది కాబట్టి లాగగానే భారం సెల్యులోజ్ మీదే పడుతుంది. కొబ్బరి పీచులో వాలు 30 డిగ్రీలు దాటుతుంది. ముందు స్ప్రింగు సాగాలి, ఆ తర్వాతే తెగడం.

అసలు చిక్కు నార బలంలో లేదు, నారకూ రెజిన్‌కూ మధ్య పట్టులో ఉంది. సెల్యులోజ్‌కు నీళ్లంటే ఇష్టం, రెజిన్‌కు పడదు. పట్టు సరిగా లేకపోతే నార తెగకుండానే రెజిన్‌లోంచి ఊడి వచ్చేస్తుంది. దాని బలమంతా వృథా. అందుకే నారను పలచటి కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, పైనున్న మైనం, జిగురు పోగొడతారు. పైభాగం గరుకై పట్టు పెరుగుతుంది. మోతాదు మించితే మాత్రం నారే దెబ్బతింటుంది.

తడి తగిలితే నార ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. పదేపదే ఇలా జరిగితే ఆ పట్టు వదిలిపోతుంది. రోజంతా ఉప్పునీళ్లలో ఉండే బోటు అడుగుకు నార ఒక్కటే వాడటం నా దృష్టిలో ప్రాణాలతో చెలగాటం. గాజును, నారను కలిపి వాడే పద్ధతి మేలు. పలక వంగినప్పుడు ఒత్తిడి ఎక్కువగా పడేది పై పొరల మీద, మధ్యలో తక్కువ. కాబట్టి బయట రెండు వైపులా గాజు మ్యాట్, లోపల జనపనార పెడితే బలం పెద్దగా తగ్గదు, లోపలికి తడి చేరడమూ ఆలస్యమవుతుంది. తలుపులు, గది అడ్డుగోడలు, కార్ల లోపలి పలకల్లాంటి పొడి చోట్లయితే నారే చాలు. జర్మనీ కార్ల కంపెనీలు ఎప్పటినుంచో అలా వాడుతున్నాయి.

ఏ పలకనైనా పొడిగా ఉన్నప్పుడు లాగి చూసి మార్కులు వేయడం సరిపోదు. వారాల తరబడి ఉప్పునీళ్లలో నానబెట్టాక మళ్లీ లాగి, వంచి, కొట్టి చూడాలి. ఇంకో సంగతి. పాలియెస్టర్ రెజిన్ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. పాత బోట్లను కరిగించి కొత్తవి పోయలేం. లోపల గాజు తీసి నార పెట్టినా రెజిన్ అదే కాబట్టి ఆ ఇబ్బంది అలాగే ఉంటుంది.