టీకా వృథా అయిందా, అమ్మమ్మా?

చిరంజీవులు చిన్నూకి, బుజ్జికి అమ్మమ్మ ఆశీస్సులు.

చిన్నూ, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌తో పోరాడే యాంటీబాడీల పరీక్షలో నీకు, ఉండాలనే 10 కంటే తక్కువ వచ్చిందని ఫోనులో బిక్కమొహం వేసుకుని చెప్పావు. పసితనంలో వేయించిన టీకా వృథా కాలేదురా. బడి ఈడు వచ్చేసరికి చాలామంది పిల్లల రక్తంలో యాంటీబాడీలు అలాగే తరిగిపోతాయి. కానీ వైరస్‌ను గుర్తుపట్టే కణాలు ఒంట్లో మిగిలే ఉంటాయి. అది చొరబడితే కొద్దిరోజుల్లోనే మళ్లీ యాంటీబాడీలు తయారవుతాయి. ఈ జబ్బు బయటపడటానికేమో రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు బూస్టరు, అంటే అదనపు డోసు, అక్కర్లేదంటారు. తల్లికి ఈ వైరస్ ఉంటే మాత్రం బిడ్డ సంగతి డాక్టరు విడిగా చూడాలి.

తైవాన్ కథ చెబుతాను. అక్కడ ఒకప్పుడు పదిమంది పిల్లల్లో దాదాపు ఒకరి రక్తంలో ఈ వైరస్ ఉండేది. 1984లో, వైరస్ ఉన్న తల్లుల బిడ్డలతో టీకాలు మొదలుపెట్టి, రెండేళ్ల తర్వాత నుంచి, పుట్టే ప్రతి బిడ్డకూ వేశారు. పదేళ్లు తిరిగేసరికి ఆ లెక్క వందకు ఒకరిద్దరికి దిగింది. పిల్లల్లో కాలేయ క్యాన్సరూ తగ్గింది.

పుట్టగానే ఎందుకంటారా? పెద్దవాళ్లకు సోకితే నూటికి తొంభై అయిదు మందికి దానంతట అదే పోతుంది. పురిట్లో సోకితే నూటికి తొంభై మంది పిల్లల్లో ఉండిపోతుంది. కళ్లు పచ్చబడవు, జ్వరం రాదు, ఎవరికీ తెలియదు. పసరు మందులవాళ్లకు అసలే తెలియదు!

నర్సుగా ఉన్న రోజుల్లో ఐస్‌ప్యాకులను ఫ్రీజర్‌లోంచి తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపేదాన్ని. లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే టీకా పెట్టెలో సర్దేదాన్ని. ఈ టీకా గడ్డకడితే పనికిరాదు. మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో దీన్ని తయారుచేసింది. అంతకుముందు విదేశీ టీకా ధర వింటే మధ్యతరగతివాళ్లే వెనకాడేవారు.

బుజ్జీ, మీ క్లాసులో ఎవరికైనా ఈ వైరస్ ఉందని తెలిస్తే దూరం జరగకు. పక్కన కూర్చుని అన్నం తిన్నా, చేయి పట్టుకున్నా, దగ్గినా అంటుకోదు. పేచీ ముఖ్యంగా రక్తంతోనే. ఎండిన మరకలోనూ కనీసం వారం బతుకుతుంది. కాబట్టి ఒకరి బ్లేడు, టూత్‌బ్రష్షు మరొకరు ముట్టుకోవద్దు.

సెలవులకు వచ్చేటప్పుడు ఇద్దరూ మీ టీకా కార్డులు తెండి. పుట్టిన 24 గంటల్లో వేసినది, ఆపైన 6, 10, 14 వారాలవి, అన్ని తేదీలూ పడ్డాయో లేదో నా కళ్లద్దాలు పెట్టుకుని చూస్తాను.

మీ అమ్మమ్మ