ఇల్లు ముందు, రోడ్డు తర్వాత: లౌడన్ కౌంటీ రద్దీకి అరవై ఏళ్ల నేపథ్యం

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు పడమట, వర్జీనియా రాష్ట్రంలోని లౌడన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) యాల్డీ అనే ఊరుంది. 1809 నాటికి కట్టడం పూర్తయిన ఇటుకల పిండిమర, దాన్ని తిప్పిన జంట నీటి చక్రాలు, రోడ్డును ఆనుకుని నిలబడిన పాత ఇళ్లు: ఊరంతా కలిపితే దాదాపు ఇంతే. వీటి మధ్యలోంచి వెళ్లే 50వ నంబరు రహదారి ఇప్పటికీ ఒక్కో దిశకు ఒక్కో వరుసే. పనిదినాల్లో పొద్దునా సాయంత్రం ఆ మర ముందు కార్లు బారులు తీరి, అడుగులో అడుగేస్తూ కదులుతాయి. అదే రహదారి మీద కొన్ని మైళ్లు తూర్పుకు వెళ్తే, చిరునామాలో యాల్డీ అనే రాసుకునే కొత్త కాలనీలు వరసగా కనిపిస్తాయి. అక్కడి స్టోన్ రిడ్జ్, ఇంకా తూర్పున ఉన్న సౌత్ రైడింగ్, వాటికి ఉత్తరాన ఉన్న బ్రాంబుల్‌టన్, యాష్‌బర్న్ ఈ పాతికేళ్లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో గృహప్రవేశాలు చేసుకున్న ప్రాంతాలు.

కౌంటీ జనాభా 1960లో 24,549. 2020 జనగణనలో అది 4,20,959. ఇంత వేగంగా పెరిగిన చోట రోడ్లు చాలకపోవడం సహజమేనని చాలామంది సరిపెట్టుకుంటారు. కానీ రికార్డులను వరసగా చూస్తే, పెరుగుదల వేగంకన్నా బలమైన కారణం ఒకటి కనిపిస్తుంది. ఇళ్లకు అనుమతి ఇచ్చే అధికారం కౌంటీ బోర్డుది. రోడ్ల బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. ఈ అరవై ఏళ్లలో ఈ రెండు నిర్ణయాలూ ఏనాడూ ఒక చేతిలో లేవు.

పెరుగుదలకు తలుపు తెరిచింది విమానాశ్రయం. అప్పటిదాకా పాడి పశువులకు పేరుపడిన ఈ నేల తూర్పు అంచున, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ సరిహద్దు మీద, 1962 నవంబరులో డల్లెస్ విమానాశ్రయం ప్రారంభమైంది. దాని మురుగునీటిని వాషింగ్టన్‌లోని బ్లూ ప్లెయిన్స్ శుద్ధి కేంద్రానికి చేర్చడానికి ఫెడరల్ ప్రభుత్వం పొటోమాక్ ఇంటర్‌సెప్టర్ అనే పెద్ద పైపులైను వేసింది. విమానాల గురించి అందరూ రాశారు గానీ, ఈ కౌంటీ రూపాన్ని మార్చడంలో ఆ పైపుది విమానాలకు తీసిపోని పాత్ర అని నా అభిప్రాయం. ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు తవ్వుకోవలసిన నేలలో ఇళ్లు దూరదూరంగానే ఉంటాయి. మురుగునీటి పైపు అందుబాటులోకి వచ్చాక ఎకరానికి నాలుగేసి ఇళ్లు కట్టవచ్చు. స్టెర్లింగ్ పార్క్ అనే తొలి పెద్ద కాలనీ ఆ దశకంలోనే వెలసింది.

రోడ్ల కథ అంతకు ముప్పై ఏళ్ల ముందు నుంచి చెప్పాలి. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1932లో, బర్డ్ రోడ్డు చట్టం కింద వర్జీనియా ప్రభుత్వం కౌంటీల రోడ్లను తన చేతిలోకి తీసుకుంది. కౌంటీల భారం తగ్గించడమే దాని ఉద్దేశం. మట్టిరోడ్లు, గుర్రపు బండ్ల కాలంలో ఆ ఏర్పాటు ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. దానికి తోడు, రాష్ట్ర శాసనసభ స్పష్టంగా ఇచ్చిన అధికారాలు తప్ప స్థానిక ప్రభుత్వాలకు వేరే అధికారం ఉండదనే డిల్లన్ సూత్రాన్ని వర్జీనియా గట్టిగా పాటిస్తుంది. అందువల్ల, రోడ్లూ బడులూ సిద్ధమయ్యేదాకా కొత్త ఇళ్లు ఆపండి అనే అధికారం లౌడన్‌కు లేదు. పొటోమాక్ నదికి అవతల, మేరీల్యాండ్‌లోని మాంట్‌గోమెరీ కౌంటీ అలాంటి నిబంధనను 1973లోనే తెచ్చుకుంది, 1980లో దాదాపు 93,000 ఎకరాలను వ్యవసాయ రక్షిత ప్రాంతంగా ప్రకటించి 25 ఎకరాలకు ఒక్క ఇంటికి మించి రాకుండా చూసింది. అక్కడ రద్దీ లేదని కాదు, 270వ నంబరు హైవే మీద పొద్దున్నే వెళ్లినవారికి ఆ సంగతి తెలుసు. కానీ ఎక్కడ కట్టాలి, ఎక్కడ కట్టకూడదు అన్న ప్రశ్న అక్కడ ఎన్నికలు వచ్చినప్పుడల్లా, నాలుగేళ్లకోసారి మొదటికి రాలేదు.

లౌడన్‌కు దక్కిన సాధనం ప్రాఫర్. భూమి వినియోగాన్ని మార్చమని కోరే బిల్డరు, అనుమతికి బదులుగా రోడ్డు వేస్తాననో, బడికి స్థలమిస్తాననో, ఇంటికింతని డబ్బు చెల్లిస్తాననో స్వచ్ఛందంగా రాసిచ్చే హామీ అది. దీని లోటు రోడ్డు మీదే కనిపించేది. బిల్డరు తన భూమి పొడవునా నాలుగు వరుసల రోడ్డు వేస్తాడు. పక్క పొలం యజమాని ఇంకా అమ్మలేదు కాబట్టి అక్కడికి రాగానే రోడ్డు రెండు వరుసలకు కుంచించుకుపోతుంది. ఆ తర్వాతి కాలనీ దగ్గర మళ్లీ నాలుగవుతుంది. వెడల్పు రోడ్డులో వచ్చిన కార్లన్నీ ఆ ఇరుకులో ఒకదానికొకటి దారిచ్చుకుంటూ ఆగిపోవలసిందే. కౌంటీ పత్రాల్లో వీటిని మిస్సింగ్ లింకులు అంటారు. పైగా జోనింగ్ ప్రకారమే, అంటే ఆ భూమికి అప్పటికే ఉన్న వినియోగ నిబంధనల ప్రకారమే, ఇళ్లు కట్టేవారు ఏ ప్రాఫరూ ఇవ్వనక్కరలేదు. చివరికి కౌంటీయే, చట్టప్రకారం తనది కాని బాధ్యతను నెత్తినేసుకుని, తన బడ్జెట్‌లోంచి ఈ తెగిన ముక్కలను కలపవలసి వచ్చింది.

1990లో 86 వేలున్న జనాభా 2000 నాటికి 1,69,599కి చేరింది. విసిగిపోయిన ఓటర్లు 1999 నవంబరు ఎన్నికల్లో, తొమ్మిది మంది సభ్యుల బోర్డులో ఎనిమిది స్థానాలను పెరుగుదలకు పగ్గాలు వేస్తామన్నవారికి ఇచ్చారు. స్కాట్ యార్క్ అధ్యక్షతన ఆ బోర్డు 2001లో కొత్త ప్రణాళికను ఆమోదించింది. 2003 జనవరిలో పడమటి లౌడన్‌లో మూడెకరాలకు ఒక ఇల్లన్న నిబంధనను మార్చి, ప్రాంతాన్ని బట్టి 10, 20, 50 ఎకరాలకు ఒక ఇల్లని నిర్ణయించింది. భూ యజమానులు కోర్టుకెక్కారు. తరతరాలుగా సాగు చేసి, పొలాన్నే తమ పదవీ విరమణ నిధిగా భావించుకున్న రైతులూ వారిలో ఉన్నారు. వారి ఆవేదనను తేలిగ్గా తీసేయడం న్యాయం కాదు. అదే ఏడాది నవంబరులో ఓటర్లు బోర్డులో మెజారిటీని మార్చేశారు. 2005 మార్చిలో వర్జీనియా సుప్రీంకోర్టు ఆ మార్పులను కొట్టేసింది. విధానం మంచిదా చెడ్డదా అన్న జోలికి పోకుండా, ముందుగా పత్రికల్లో ఇచ్చిన బహిరంగ ప్రకటన సరిపోదని తేల్చింది. నాలుగేళ్ల కసరత్తు ఒక ప్రకటనలోని లోపంతో కూలిపోయింది. పడమర మళ్లీ మూడెకరాల నిబంధనకు వెళ్లి, 2006 డిసెంబరులో కొంత సడలించిన పరిమితులు వచ్చేదాకా అక్కడే ఉంది. ఇళ్లు మాత్రం ఆగలేదు. ఒకసారి ఆమోదం పొందిన లేఅవుట్ బోర్డు మారినా రద్దు కాదు. పాత అనుమతుల ఇళ్లు కొత్త బోర్డుల కాలంలో లేస్తూనే ఉన్నాయి.

రోడ్లకు డబ్బు ఎక్కడినుంచి రావాలన్నది మరో చిక్కుముడి. 28వ నంబరు రహదారి వెంట భూములున్నవారు 1987లో ప్రత్యేక పన్ను జిల్లా ఏర్పాటుకు ముందుకొచ్చారు. ఆ రాబడి తోడ్పాటుతోనే తర్వాత అక్కడ సిగ్నళ్ల స్థానంలో ఇంటర్‌చేంజీలు వచ్చాయి. నాకు తెలిసినంతలో ఈ కథలో బాగా పనిచేసిన ఏర్పాటు ఇదొక్కటే. రవాణా కోసం అమ్మకం పన్ను పెంచే ప్రతిపాదనను ఉత్తర వర్జీనియా ఓటర్లు 2002లో తిరస్కరించారు. ప్రాంతీయ రవాణా సంస్థ పన్నులు వేసే పద్ధతిని 2008లో సుప్రీంకోర్టు చెల్లదంది. స్థిరమైన నిధులు 2013 చట్టంతో గానీ రాలేదు. ఈలోగా 1995లో డల్లెస్ నుంచి లీస్‌బర్గ్ దాకా 14 మైళ్ల గ్రీన్‌వే అనే టోలు రోడ్డును ప్రైవేటు పెట్టుబడితో కట్టారు. రద్దీ వేళ దాని టోలు 5 డాలర్ల 80 సెంట్లకు చేరాక, దాన్ని 8 డాలర్లు దాటించాలన్న దరఖాస్తును రాష్ట్ర నియంత్రణ సంఘం 2024లో తోసిపుచ్చింది. ఆ టోలు కట్టలేక 7వ నంబరు రహదారికి మళ్లే కార్లు అక్కడి రద్దీని పెంచుతూనే ఉన్నాయి.

రైలు విషయం మరీ బాధ కలిగిస్తుంది. అలెగ్జాండ్రియా నుంచి పర్సెల్‌విల్ దాకా లౌడన్ మీదుగా ఒక రైలు మార్గం ఉండేది. 1951లో ప్రయాణికుల రైళ్లు, 1968లో సరుకు రైళ్లు ఆగిపోయాయి. డల్లెస్ తెరిచిన ఆరేళ్లకే, అవసరం మొదలవుతున్న వేళే పట్టాలు పీకేశారు. ఆ దారి ఇప్పుడు 45 మైళ్ల సైకిల్ బాట. వాషింగ్టన్ మెట్రో రైలు సిల్వర్ లైనులో చేరాలా వద్దా అన్న ప్రశ్న మీద 2012 జులైలో కౌంటీ బోర్డు 5–4 ఓట్లతో సరేనంది. యాష్‌బర్న్ స్టేషన్ 2022 నవంబరు 15న తెరుచుకుంది.

ఇల్లు ముందు, రోడ్డు తర్వాత అన్న తీరు కొంత మారుతోందనడానికి 2019 నాటి ప్రణాళిక ఒక గుర్తు: మెట్రో స్టేషన్ల చుట్టూ దట్టంగా, పడమర పలచగా కట్టాలని అది నిర్దేశించింది. ఇదే సమయంలో డేటా సెంటర్లు యాష్‌బర్న్‌ను కమ్మేశాయి. వాటివల్ల ఉదయపు రద్దీ పెరగదు, పన్ను రాబడి మాత్రం పుష్కలం. ఆస్తి పన్ను రేటు 2025లో ప్రతి 100 డాలర్ల విలువకు 80.5 సెంట్లకు దిగడానికి అవే ప్రధాన కారణం. ఇళ్ల విలువలు పెరగడంతో చాలామంది బిల్లులు ఆ మేరకు తగ్గలేదు. ఆ భవనాల హోరు, వాటికోసం వేసే హైటెన్షన్ లైన్లు కాలనీల పక్కకు వచ్చాక, బోర్డు విచారణ లేకుండానే డేటా సెంటర్లు కట్టుకునే హక్కును కౌంటీ 2025 మార్చిలో ఎత్తేసింది.

యాల్డీ దగ్గర 50వ నంబరు రహదారికి బైపాస్ వేయాలన్న ఆలోచనను 1990ల్లో అక్కడివారు వ్యతిరేకించి, వాహనాల వేగం తగ్గించే ఏర్పాట్లు కోరుకున్నారు. కొంచెం తూర్పున గిల్బర్ట్స్ కార్నర్‌లో 2009లో వచ్చిన రౌండ్‌అబౌట్లు దాని ఫలితమే. సిగ్నల్ దగ్గర ఆగిపోయే బారు అక్కడ ఇప్పుడు నెమ్మదిగానైనా కదులుతుంది. మర ముందు మాత్రం రోడ్డు ఇంకా రెండు వరుసలే.