ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత బయోమార్కర్లు: అపోహలు - వాస్తవాలు

నేను పాథాలజిస్టుని. సర్జన్ కోసి తీసిన ఊపిరితిత్తి భాగం నా టేబుల్ మీదికే వస్తుంది. ఆ రిపోర్టు పట్టుకుని ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: "మళ్లీ వస్తుందా డాక్టర్?" దానికి జవాబు కోసం బయోమార్కర్లు, అంటే రక్తంలోనో ట్యూమర్‌లోనో జబ్బు తీరు చెప్పే గుర్తులు వెతుకుతాం. వాటి చుట్టూ అల్లుకున్న అపోహలు కొన్ని చెప్తాను. ఇదంతా ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే నాన్ స్మాల్ సెల్ రకం గురించి.

అపోహ: ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది.

తేలదు. చాలామంది సీఈఏ (కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్) పరీక్ష చేయించుకుని ఆ అంకె చూసి టెన్షన్ పడుతుంటారు. ఆపరేషన్‌కి ముందు అది బాగా ఎక్కువగా ఉండి, తర్వాత కూడా తగ్గకపోతే మంచి సూచన కాదన్నది నిజమే. కానీ పొగతాగేవాళ్లలో, కాలేయ జబ్బులున్నవాళ్లలో క్యాన్సర్ లేకున్నా పెరుగుతుంది, అది నార్మల్‌గా ఉన్నా జబ్బు తిరగబెట్టినవాళ్లూ ఉన్నారు.

అపోహ: మామూలు బయాప్సీ రిపోర్టు పాతకాలపుది, జీన్ టెస్టే అసలు విషయం చెప్తుంది.

ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ట్యూమర్ ఎన్ని సెంటీమీటర్లు, లింఫ్ గ్రంథులకి పాకిందా, పైపొర ప్లూరాని తాకిందా, కోసిన అంచులో క్యాన్సర్ కణాలు మిగిలాయా అన్నవే ఇప్పటికీ భవిష్యత్తుని అన్నిటికన్నా బాగా చెప్తాయి. అడినోకార్సినోమా (గ్రంథి కణాల్లో పుట్టే రకం) అయితే గ్రేడ్, అంటే కణాలు ఎంత చెడ్డగా ఉన్నాయన్నది కూడా చూడండి: కణాలు సాలిడ్, మైక్రోపాపిల్లరీ లాంటి చెడ్డ తీరుల్లో అమరిన భాగం 20 శాతం లేదా అంతకు మించి ఉంటే అది గ్రేడ్ 3, అన్నిటికన్నా చెడ్డది.

కొత్త మార్కర్ అనగానే నమ్మేయకూడదనడానికి ఈఆర్‌సీసీ1 అనే ప్రోటీన్ కథ చాలు. 2006లో ఫ్రాన్స్ బృందం 761 ట్యూమర్లు పరీక్షించి, ట్యూమర్‌లో ఈ ప్రోటీన్ లేనివాళ్లకే ఆపరేషన్ తర్వాత సిస్‌ప్లాటిన్ అనే మందుతో కీమో పనికొస్తుందని పెద్ద జర్నల్లో రాసింది. ఎంతో ఆశ కలిగింది. 2013లో అదే బృందం ముందుకొచ్చి, ఆ ఫలితం మళ్లీ రాలేదని, ఆ ప్రోటీన్‌ని గుర్తుపట్టడానికి వాడే అదే యాంటీబాడీ కొత్త బ్యాచ్‌తో పాత ట్యూమర్ ముక్కలకే వేరే జవాబులు వచ్చాయని ఒప్పుకుంది. ఈ ప్రోటీన్‌కి నాలుగు రూపాలున్నాయి, డీఎన్‌ఏని బాగుచేసేది అందులో ఒకటే, వాళ్లు పరీక్షించిన యాంటీబాడీలేవీ దాన్ని విడిగా గుర్తుపట్టలేకపోయాయి.

అపోహ: పీడీ-ఎల్1 80 శాతం అంటే క్యాన్సర్ 80 శాతం పాకింది.

కాదు. పీడీ-ఎల్1 ఒక ప్రోటీన్, వందలో 80 క్యాన్సర్ కణాల మీద అది కనిపించిందని, అంతే. ఇమ్యునోథెరపీ (మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి మళ్లించే చికిత్స) పనిచేసే అవకాశం చూడటానికే ఆ అంకె.

అపోహ: ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే పరీక్షలు నాలుగో స్టేజీ వాళ్లకే.

ఈ రెండూ జీన్లు, వాటిలో మార్పు వస్తే క్యాన్సర్ పెరుగుతుంది. ఒకప్పుడు అలాగే ఉండేది. అడౌరా ట్రయల్‌లో స్టేజ్ 1బీ నుంచి 3ఏ వరకు, ఈజీఎఫ్ఆర్ మార్పు ఉండి ఆపరేషన్ అయినవాళ్లకి మూడేళ్లు ఒసిమెర్టినిబ్ అనే మాత్ర గానీ, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) గానీ ఇచ్చారు. ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు మాత్ర వేసుకున్నవారిలో 88 శాతం, ప్లాసిబో వాళ్లలో 78 శాతం. ఏఎల్‌కే మార్పు ఉన్నవాళ్లలో అలెక్టినిబ్ అనే మందు జబ్బు తిరగబెట్టడాన్ని బాగా తగ్గించింది. అంటే ఈ పరీక్షలు జాతకం చెప్పవు, ఏ మందు పనిచేస్తుందో చెప్తాయి. మన దేశంలో అడినోకార్సినోమా రోగుల్లో ఈజీఎఫ్ఆర్ మార్పు తక్కువేమీ కాదు కాబట్టి అడిగి మరీ చేయించుకోండి.

అపోహ: రక్తంలో ట్యూమర్ డీఎన్‌ఏ కనిపించలేదు, ఇక భయం లేదు.

కనిపిస్తే జాగ్రత్తపడాల్సిందే, స్కాన్‌లో తెలియడానికి నెలల ముందే దొరికిన సందర్భాలు బ్రిటన్‌లోని ట్రేసరెక్స్ అధ్యయనంలో ఉన్నాయి. కనిపించకపోతే మాత్రం ధీమా పడొద్దు, చిన్న స్టేజ్ 1 అడినోకార్సినోమాలు రక్తంలోకి డీఎన్‌ఏ చాలా తక్కువ వదులుతాయి. సీటీ స్కాన్ ఫాలోఅప్ మానేయకండి.

చివరగా, మీ చేతిలో ఉన్న పని ఒకటి. ఈ జీన్ పరీక్షలు చాలావరకు ఆపరేషన్లో తీసిన ముక్క మీదే చేస్తాం. దాన్ని మైనం దిమ్మెల్లో, అంటే పారఫిన్ బ్లాకుల్లో దాచుతాం. వేరే ఆస్పత్రికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్తే సరిపోదు, బ్లాకులు, స్లైడ్లు కూడా ల్యాబ్‌లో అడిగి తీసుకోండి.